తాళంచెవి ఇచ్చాం, చెహ్రా ఇవ్వలేదు



ఈసారి రాస్తున్నది మా ఖాన్‌దాన్ సంగతి. "ఇంటి మాట బజార్లో పెడతావా?" అని ఆపా కోప్పడింది. బజార్లో పెట్టింది నేను కాదు ఆపా, పెట్టినోళ్ళ గురించే రాస్తున్నా అన్నాను. ఎవరి గురించి రాస్తున్నానో ఆ భాంజీకి ముందే చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టేయమంది. కొట్టేశాను. మిగతాదానికి ఇజాజత్ ఇచ్చింది. ఇజాజత్ అనే ఆ ఒక్క మాట కోసమే ఈ రాతంతా.

మా భాంజీ హిందూపురంలో మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదివింది. దూలాభాయ్ ధర్మవరంలో పట్టుచీరల బేరం చేస్తాడు. మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తీసుకొని బెంగళూరు షాపులకు వేస్తాడు. పిల్ల బ్యాంకు పరీక్షలు రాస్తానంటే ఆయన కాదనలేదు. బేటీకి బ్యాంకులో నౌకరీ అంటే ఆయనకూ షాన్‌గానే ఉండింది. కోచింగ్‌కు బెంగళూరు పంపలేం కాబట్టి ఫోన్లోనే మాక్ టెస్టులు రాసుకునే ఒక సైటు వెతికాం. "మామూ, పేరు, పాస్‌వర్డ్ అన్నీ కొట్టాలంట" అంది. "ఎందుకమ్మా, గూగుల్‌తో లాగిన్ అని ఉంది కదా, ఒక్క నొక్కుడే" అని ఫోన్ తీసుకొని నేనే నొక్కాను. ఆ వేలు నాది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ గూగుల్ ఖాతాలో ఒక ఫొటో ఉంది. చుట్టాల షాదీలో మెహందీ చేతులతో నవ్వుతూ దిగింది. పిల్ల తమ్ముడు ఎప్పుడో సరదాకు పెట్టాడు. ఫోన్ మూలలో చిటికెన వేలి గోరంత గుండ్రంగా కనపడే ఆ బొమ్మ ఆమెకు తప్ప ఇంకెవరికీ కనపడదనే ఆమె అనుకుంది. నేనూ అట్లే అనుకున్నాను.

మూడు వారాలకు ఒక ఆదివారం టెస్టులో మా పిల్లకు నాలుగో ర్యాంకు వచ్చింది. ఆ సైటులో టాపర్ల పట్టిక ఉంటుంది. లాగిన్ లేకుండా దారిన పోయే ఎవరైనా చూడొచ్చు. అందులో పేరు, మార్కులు, పక్కన ఆ నవ్వే చెహ్రా. ఎవడో దాన్ని స్క్రీన్‌షాట్ తీశాడు. కింద ఒక లైను రాశాడు. ఆ లైను నేను ఇక్కడ రాయను. వాట్సాప్ గ్రూపులో పడేశాడు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోవాలంటే రైలుకు కొంత టైం పడుతుంది. ఆ ఫొటోకు పట్టలేదు. దూలాభాయ్ గిరాకీకి చీర మడత విప్పి చూపిస్తుంటే, పక్క దుకాణం ఆయన ఫోన్ తెచ్చి "ఏ అప్నీ బచ్చీ హై క్యా భాయ్?" అని ముందు పెట్టాడంట.

ఆ జుమేరాత్ పెనుకొండలో ఫుప్పు ఇంట్లో కూర్చున్నాం. బాబయ్య దర్గాలో ఫాతిహా అయ్యాక బైఠక్. మగవాళ్ళం నలుగురం ముందు గదిలో, ఆడవాళ్ళు తలుపు వెనక. ఎవరి చెహ్రా గురించి మాట్లాడుతున్నామో ఆ పిల్లను ఎవరూ పిలవలేదు. ఫైస్లా పావు గంటలో అయిపోయింది. ఫోన్ బంద్. పరీక్షలు బంద్. మంచి రిష్తా చూడటం. "ఫొటో లేకుంటే ఈ బలా వచ్చేదా?" అన్నారు పెద్దాయన ఒకరు. ఇంకొకరు నా వైపు తిరిగి "నువ్వు అఖ్బార్ వాడివి కదప్పా, నువ్వు చెప్పు" అన్నారు.

నేను చాయ్ తాగాను. నోరు తెరిస్తే ఆ బటన్ ఎవరు నొక్కారనే సవాల్ వస్తుంది. అందుకే ఖామోష్‌గా ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా వేరేవాళ్ళ జుల్మ్ గురించి రాసిన నా కలం ఆ రోజు కప్పులో మునిగిపోయింది. ఈ రాత దానికి కఫ్ఫారా.

ఇప్పుడు అసలు కసూర్ ఎవరిదో చూద్దాం.

"గూగుల్‌తో లాగిన్", "ఫేస్‌బుక్‌తో లాగిన్" అంటే ఏమిటి? కొత్త సైటు మనల్ని ఎరగదు. గూగుల్ ఎరుగుతుంది. "ఈమె ఫలానా" అని గూగుల్ గవాహీ ఇస్తుంది. అంతవరకు మంచిదే, కొత్త పాస్‌వర్డ్ గోల తప్పుతుంది. కానీ ఆ గవాహీతో పాటు పేరు, ఈమెయిల్, ప్రొఫైల్ ఫొటో కూడా వెళ్తాయి. నొక్కే ముందు తెర మీద ఆ మాట ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. మీ పేరు, ఈమెయిల్, ఫొటో ఈ సైటుకు ఇస్తాం అని ఉంటుంది. సైటుకు ఇస్తాం అనే ఉంటుంది. ఆ సైటు దాన్ని లోకానికి చూపిస్తుందని అందులో ఎక్కడ ఉంది?

మోసమంతా ఆ సందులోనే ఉంది. లాగిన్ అయిన మనిషికి ఆమె ఫొటో ఆమెకే మూలలో చూపించడం ఒకటి. అద్దంలో మొహం చూసుకున్నట్టు, దానితో నష్టం లేదు. అదే ఫొటోను ర్యాంకుల పక్కన, రివ్యూల పక్కన, చందాల లిస్టు పక్కన పదిమందికి చూపించడం పూర్తిగా వేరు. అద్దంలోని మొహాన్ని తీసుకెళ్ళి చౌక్‌లో పోస్టర్ వేయడం అది. మొదటిదానికి ఇచ్చిన ఒప్పుకోలును రెండోదానికి వాడుకుంటున్నారు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా హిందూపురం దోస్త్ ఒకడున్నాడు. స్కూల్లో నా పక్క బెంచీ. ఫోన్ చేసి కడిగేశాను. వాడు చల్లగా చెప్పాడు: "అరే, గూగుల్ ఫొటో అడ్రస్ పంపుతుంది, మేం దాన్ని పేజీలో పెడతాం. ఒక్క లైను పని. మొహాలు కనపడితే సైటు నిండుగా ఉంటుంది, జనం నమ్ముతారు. పైగా వాళ్ళు ఒప్పుకున్నారు కదరా."

ఒక్క లైను పని అన్నాడు. ఆ ఒక్క లైనుకు మా ఇంట్లో ఒక పిల్ల చదువు ఆగింది.

ఒప్పుకున్నారు అన్నదానికి నా జవాబ్ ఇది. మన ఇళ్ళల్లో రిష్తా కోసం అమ్మాయి ఫొటో పంపడం మీకందరికీ తెలుసు. సంబంధాలు చూసే ఖాలా వస్తుంది. అమ్మీ బీరువాలో నుంచి కవర్ తీసి ఇస్తుంది. "ఫలానా వాళ్ళకే చూపించండి" అని చెప్పి ఇస్తుంది. రిష్తా కుదరకపోతే పది రోజుల్లో ఫొటో వాపస్ రావాలి. రాకపోతే మనిషిని పంపి తెప్పిస్తారు. ఆ ఖాలా ఆ ఫొటోను దారిలో సబ్బుల దుకాణం గోడకు అంటించి, "మీరే కదా ఇచ్చారు" అంటే ఊరుకుంటామా? ఫొటో ఇచ్చింది నిజమే. ఒక ఇంటికి, ఒక పనికి, వాపస్ షరతు మీద ఇచ్చాం. అది అమానత్. చదువురాని మన నానీమాలకు తెలిసిన ఈ ఉసూల్ ఇంజనీరింగ్ చదివిన నా దోస్త్‌కు తెలియలేదు.

దేశం కానూన్‌కు మాత్రం తెలిసింది, లేటుగా అయినా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒకే గొంతుతో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పారు. 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. అందులో ఒక మిసాల్ ఇచ్చారు. ఫోన్లో వైద్యం చేసే ఒక యాప్ మన ఫోన్లోని కాంటాక్టుల లిస్టు కూడా అడుగుతుంది, మనం సరే అంటాం. అయినా ఆ ఒప్పుకోలు వైద్యానికి కావలసినంత వరకే చెల్లుతుంది, కాంటాక్టుల లిస్టుకు చెల్లదు అంటుంది చట్టం. మాక్ టెస్టుకు కావలసింది బుర్ర. మొహం ఎందుకు? ఇంకో మాట. ఒప్పుకోలు అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. ఆ షెడ్యూల్‌లో తెలుగు ఉంది, ఉర్దూ కూడా ఉంది. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఇంతవరకు నన్ను ఈ రెండు భాషల్లో "మీ ఫొటో అందరికీ చూపించమంటారా?" అని అడిగిన సైటు ఒక్కటీ లేదు.

అయితే ఈ కానూన్ చూసి మురిసిపోవద్దు. దీని నియమాలు 2025 నవంబర్‌లో గానీ రాలేదు. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి మళ్ళీ 18 నెలల గడువు ఇచ్చారు. ఇంకో పెద్ద చిల్లు కూడా ఉంది. మనిషి తనంతట తాను పబ్లిక్‌లో పెట్టిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ ఫొటో ఎప్పుడూ పబ్లిక్కే. దాన్ని దాచే వీలు ఆ కంపెనీ మనకు ఇవ్వలేదు. మరి ఆ ఫొటోను పబ్లిక్ చేసింది మనమా, కంపెనీ రూలా? రేపు ఎవడైనా వకీల్ కోర్టులో నిలబడి "ఆమే పబ్లిక్‌గా పెట్టుకుంది సార్" అంటే మన పిల్లల హక్ ఆ ఒక్క మాటతో గాలికి పోతుంది. ఈ చిల్లు పూడ్చమని అడగాలి. చట్టం రాసిన ఢిల్లీ పెద్దలను మన ఎంపీలు అడగాలి. మన ఎంపీలను మనం అడగాలి.

ఫొటో అంటే ఇంత గోల ఎందుకు అనేవాళ్ళకు కొంత తారీఖ్ చెప్తాను. మనుషుల పేర్లు, ప్రొఫైల్ ఫొటోలు ప్రకటనల పక్కన పెట్టి చూపించినందుకు 2011లోనే కాలిఫోర్నియాలో ఫేస్‌బుక్ మీద కేసు పడింది. 2 కోట్ల డాలర్ల రాజీకి 2013లో కోర్టు ఒప్పుకుంది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా గుట్టు బయటపడినప్పుడు ఫేస్‌బుక్కే చెప్పిన లెక్క చూడండి. ఆ యాప్‌ను మన దేశంలో పెట్టుకున్నది 335 మంది. సమాచారం పోయి ఉండొచ్చని చెప్పింది 5,62,455 మందిది. ఒకరు నొక్కితే స్నేహితుల సమాచారం కూడా వెళ్ళిపోయింది. 2020లో క్లియర్‌వ్యూ అనే అమెరికా కంపెనీ సంగతి బయటికొచ్చింది. అది ఇంటర్నెట్లో దొరికిన వందల కోట్ల మొహాలు పోగుచేసి పోలీసులకు వెతికే యంత్రం అమ్ముకుంది. అంతెందుకు, 2017 జూన్‌లో ఫేస్‌బుక్కే మన దేశంలో ప్రొఫైల్ పిక్చర్ గార్డ్ తెచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళు భయపడి మొహం పెట్టడం లేదని తానే ఒప్పుకుంది. నీలం రంగు డాలు ఒకటి ఇచ్చింది. ఆ డాలు దాని ఇంటి లోపలే పనిచేస్తుంది. వేరే సైటు కాపీ చేసుకున్న ఫొటోకు ఏ డాలూ లేదు.

మన కౌమ్‌కు ఈ గాయం కొత్త కాదు. 2021 జూలైలో, మళ్ళీ 2022 జనవరి ఒకటిన, ముస్లిం ఆడవాళ్ళ ఫొటోలు సోషల్ మీడియా నుంచి ఎత్తుకెళ్ళి వేలం పాట పేరుతో యాప్‌లలో పెట్టారు. జర్నలిస్టులు ఉన్నారు, వకీళ్ళు ఉన్నారు. మన హైదరాబాద్ నుంచి అరవై దాటిన సామాజిక కార్యకర్త కూడా ఉన్నారు. ఆ వయసు కూడా వాళ్ళకు అడ్డు రాలేదు. పట్టుబడినవాళ్ళలో బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఉన్నాడు. మా భాంజీ ఫొటో పెట్టిన సైటువాళ్ళు ఆ నీచుల్లాంటివాళ్ళని నేను అనడం లేదు. వాళ్ళకు దుష్మనీ లేదు. సోయి లేదు. కానీ గోడ మీద ఫొటో వేలాడదీసేది సోయి లేనివాడు, దాన్ని ఎత్తుకెళ్ళేది సోయి ఉన్న దుర్మార్గుడు. మొదటివాడు లేకుండా రెండోవాడికి పని లేదు.

ఇక మన పెద్దల దగ్గరికి వస్తాను. కోపం తెచ్చుకోకండి.

"ఫొటో లేకుంటే ఈ బలా వచ్చేదా" అన్న మాట మీద నేను ఎన్నో రాత్రులు ఆలోచించాను. సూరహ్ నూర్‌లో పరాయి ఇంట్లోకి ఇజాజత్ అడిగి, సలాం చెప్పి గానీ అడుగు పెట్టొద్దని హుకుం ఉంది. అదే సూరహ్‌లో నజర్ దించుకోమనే హుకుం ముందు మగవాళ్ళకు వచ్చింది, ఆ తర్వాతే ఆడవాళ్ళకు. మరి మనం పెనుకొండలో ఏం చేశాం? ఇజాజత్ లేకుండా చూపించిన సైటును అడగలేదు. ఆ లైను రాసినవాడు ఎవడని వెతకలేదు. ఆ గ్రూపులో దాన్ని ముందుకు తోసినవాళ్ళలో మన మొహల్లా కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క తీయలేదు. ఎవరి నజర్‌నూ దించలేదు. కసూర్ లేని పిల్ల పుస్తకం మాత్రం మూయించాం. దొంగతనం జరిగితే దొంగను వదిలి, ఇంట్లో సామాను ఎందుకుంది అని ఆడబిడ్డను తిట్టినట్టు. ఇది గైరత్ కాదు. చేతగానితనానికి మనం తొడిగిన షేర్వానీ.

మన వాళ్ళు నడిపే సైట్లు, యాప్‌లు కూడా తక్కువ తినలేదు. నికాహ్ సంబంధాలవి, ట్యూషన్లవి, చందాలవి, పాత విద్యార్థుల అంజుమన్‌లవి. పొద్దున తఖ్రీర్‌లో పర్దా గురించి చెప్పి, సాయంత్రం అదే అంజుమన్ యాప్‌లో ఆడపిల్లల గుండ్రటి ఫొటోలు వరసగా పెడితే దాన్ని ఏమనాలి? ఎవరూ కావాలని చేయలేదు. డిగ్రీ కుర్రాడు ఎవడో ఉచితంగా చేసిచ్చాడు, అదే ఒక్క లైను వేశాడు. కాబట్టి ముందు మన ఇంటి నుంచే సరిచేద్దాం. సైటు చేసే ప్రతి పిల్లాడికీ, చేయించే ప్రతి కమిటీకీ నేను అడిగేది ఇంతే.

లాగిన్ తలుపు తీయడానికే వాడండి. మొహం ఉండాల్సిన చోట మామూలుగా పేరులో మొదటి అక్షరం గుండ్రంలో పెట్టండి. పదిమందికి ఫొటో చూపించాలనుకుంటే విడిగా అడగండి. ఎక్కడ, ఎవరికి, ఎట్లా కనపడుతుందో చూపించి, తెలుగులో, ఉర్దూలో అడగండి. వద్దన్నవాళ్ళకు ర్యాంకు, సీటు, మర్యాద ఏదీ తగ్గించకండి. పద్దెనిమిది నిండని పిల్లల మొహం బయటికి అసలు చూపించకండి. తీసేయమంటే ఫొటో ఒక్కటే తీయండి.

చివరి మాట ఎందుకు రాశానో చెప్తాను. ముందు ఇళ్ళల్లో మనం చేసుకోగలిగింది కొంత ఉంది. గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో ఏ ఏ సైట్లకు దారి ఇచ్చామో లిస్టు ఉంటుంది. ఫేస్‌బుక్‌లో యాప్స్ అండ్ వెబ్‌సైట్స్ అని ఉంటుంది. తీరిగ్గా కూర్చొని అక్కర లేనివి తీసేయండి. కానీ ఇప్పటికే కాపీ చేసుకున్న ఫొటో దానితో పోదు, సైటుకు విడిగా రాయాలి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, చిరునామా సైటులో ఉండాలని 2021 ఐటీ నియమాల్లో ఉంది. ఆ పేరు వెతికి రాయండి. కొత్త సైటులో ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకునే దారి ఉంటే ఆ శ్రమ పడండి. ఇవన్నీ పిల్లలతో కలిసి కూర్చొని చేయండి, ఫోన్ లాక్కొని చేయకండి.

నేనూ ఆ సైటుకు రాశాను. మొదటి జవాబ్: "మీరు లాగిన్ సమయంలో అంగీకరించారు." మళ్ళీ రాశాను. చట్టం పేరు, మిసాల్, అన్నీ పెట్టి రాశాను. పదకొండో రోజు రెండు ముక్కల జవాబ్ వచ్చింది: "మీ ఖాతా తొలగించాం." చూస్తే ఫొటో లేదు. పేరు లేదు. నాలుగో ర్యాంకు లేదు. మూడు వారాలు రాత్రుళ్ళు మేల్కొని రాసిన టెస్టులు ఒక్కటీ లేవు.

ఫతే అయినట్టు పోయి పిల్లకు చెప్పాను. ఆమె నా వైపు చూసి మెల్లగా అంది: "మామూ, నేను ఫొటో తీసేయమన్నాను. నన్ను తీసేయమనలేదు."

ఆ సైటు చేసిందే మేమూ పెనుకొండలో చేశామని నాకు అప్పుడు అర్థమయింది. ఫొటో పేరు చెప్పి మనిషినే తుడిచేశాం.

ఆ జుమ్మా నమాజ్ అయ్యాక ధర్మవరం రైలెక్కాను. దూలాభాయ్ దుకాణంలో కూర్చొని, ఆ బటన్ నొక్కింది నేనేనని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చీరలు మడత పెడుతూనే ఉన్నాడు. వచ్చేటప్పుడు ఫోన్ నా చేతికిచ్చి "దే దో ఉస్‌కో" అన్నాడు. రిష్తా మాటలు ఇంకా ఆగలేదు. కానీ పిల్ల మళ్ళీ టెస్టులు రాస్తోంది, ఇంకో సైటులో, మొదటి నుంచి. అక్కడ ఆమె పేరు పక్కన గుండ్రంలో ఒక్క అక్షరమే ఉంది.

మీ ఇంట్లో పిల్లల పేర్ల పక్కన ఎక్కడెక్కడ ఏం కనపడుతోందో ఈ రాత్రి ఒకసారి చూడండి. చూసే ముందు పిల్లలను అడగండి.

ఖుదా హాఫిజ్.